డ్రిఫ్ట్ మొదలవుతోంది, ముగియడమే లేదు!

మీ ప్రశ్నలు – మా జవాబులు

పాతకాలపు ఆర్కేడ్ (నాణెం వేసి ఆడే మెషిన్ల) తరహా కారు ఆటల మీద ప్రశ్నలు పంపమని అడిగితే, వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం స్టీరింగ్, డ్రిఫ్ట్ చుట్టూనే తిరిగాయి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేసి జవాబులిస్తున్నాం. ఒక్క సంగతి ముందే చెప్పేస్తే మిగతాది తేలికవుతుంది. డ్రిఫ్ట్ అంటే కారు వెనక భాగం పక్కకు జారుతూ మలుపు తిరగడం. అది ఉన్న ఆటలన్నిటిలోనూ ఆ పేరు ఒకటే. అది ఎలా మొదలవుతుంది, ఎంతసేపు నిలుస్తుంది, ఎలా ముగుస్తుంది అన్నవి మాత్రం ఏ ఆటకా ఆటే వేరు. ఒక ఆటలో బాగా కుదిరిన వేళ్లు ఇంకో ఆటలో గోడకు కొట్టించేది అందుకే.

ప్రశ్న: నింటెండో స్విచ్‌లో సెగా ఏజెస్ ఔట్‌రన్ కొన్నాను. మలుపులో బ్రేక్ నొక్కి ఎంత తిప్పినా కారు జారదు, బయటికి పోయి బోర్డులకు గుద్దుకుంటుంది. ఔట్‌రన్ 2 వీడియోల్లో మాత్రం అడ్డంగా జారుకుంటూ పోతున్నారు. లోపం నాదా, ఆటదా? (హనుమకొండ)

జవాబు: ఇద్దరిదీ కాదు. 1986లో సెగా కంపెనీ డిజైనర్ యు సుజుకి చేసిన ఔట్‌రన్‌లో అసలు డ్రిఫ్టే లేదు. అక్కడ మీకు కనిపించే రోడ్డు నిజమైన త్రీడీ రోడ్డు కాదు. తెర మీద ఒక్కో అడ్డగీతగా గీస్తారు, ఆ గీతల్ని కొద్దికొద్దిగా పక్కకు జరిపితే మలుపులా కనిపిస్తుంది. కారు ఒక బొమ్మ మాత్రమే. మలుపు వచ్చినప్పుడు ఆట చేసేదల్లా, వేగాన్ని వంపుతో గుణించి ఆ మేరకు బొమ్మను బయటివైపుకు తోయడం. మీరు స్టీరింగ్‌తో లోపలికి లాగుతుంటారు. తోపు ఎక్కువైతే రోడ్డు దిగిపోతారు. అంతే లెక్క.

కాబట్టి మీ చేతిలో ఉన్నవి రెండే: మలుపులోకి వచ్చేసరికి కారు రోడ్డులో ఏ పక్కన ఉంది, ఎంత వేగంతో ఉంది. నిజం కారు నడిపేవాళ్లు చెప్పే 'బయటినుంచి లోపలికి కోసుకుపో' అన్న సలహా ఈ తరహా ఆటల్లో పనికిరాదు. మలుపు మొదలయ్యే లోపే లోపలి అంచుకు చేరిపోండి. అప్పుడు బయటికి నెట్టుకుపోవడానికి రోడ్డు వెడల్పంతా మీకు మిగిలి ఉంటుంది. కుడి మలుపు వస్తోందని దూరంగా కనిపించగానే కుడివైపుకు జరగడం మొదలుపెట్టండి. తోపు మొదలయ్యాక జరుగుదామంటే కుదరదు.

గేర్లు రెండే, లో, హై. లో గేరుతో బయల్దేరి ఇంజిన్ శబ్దం పైకి వెళ్లాక హైకి మార్చండి. బాగా వంకర మలుపులో ఒక్క క్షణం లో గేరుకు దించితే, బ్రేక్ నొక్కినదానికన్నా కుదురుగా వేగం తగ్గుతుంది. దారి చీలినచోట ఎడమకు పోతే తేలిక, కుడికి పోతే కష్టం. 15 మజిలీలున్నా ఒక ఆటలో మీరు దాటేది 5 మాత్రమే. కనుక మొదట్లో ఎడమ దారులే పట్టుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు. ఇంకో తమాషా ఉంది. రోడ్డు దిగినప్పుడు గేరును లో-హై-లో-హై అని గబగబా మారుస్తుంటే వేగం పడిపోదు. జపాన్‌లో దీన్ని 'గియర్ గాచా' అంటారు. ప్రోగ్రామ్‌లోని సందును జనం విద్యగా మార్చుకున్న బాపతు. స్కోరు కోసం ఆడేవాళ్లకు పనికొస్తుంది, నేర్చుకునేవాళ్లను మాత్రం చెడగొడుతుంది.

ప్రశ్న: పీఎస్పీలో (సోనీవారి చేతి గేమ్ మెషిన్) రిడ్జ్ రేసర్ ఆడుతున్నాను. డ్రిఫ్ట్ బాగానే మొదలవుతుంది. మలుపు అయిపోయాక కారు నిటారుగా నిలబడదు, రెండోవైపుకు తిరిగిపోయి ఎదుటి గోడకు కొడుతుంది. ఎన్నిసార్లు ఆడినా అంతే. (విశాఖపట్నం)

జవాబు: మాకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇదే. డ్రిఫ్ట్ ఎలా మొదలుపెట్టాలో అందరూ చెబుతారు, ముగింపు మాటెత్తరు.

రిడ్జ్ రేసర్ 1993లో ఆర్కేడ్‌లో వచ్చింది, 1994 డిసెంబరులో జపాన్‌లో ప్లేస్టేషన్‌తో పాటే ఇళ్లలోకి చేరింది. అందులో డ్రిఫ్ట్‌కు బ్రేక్ కన్నా యాక్సిలరేటర్ ముఖ్యం. మలుపు దగ్గరపడగానే యాక్సిలరేటర్ పూర్తిగా వదలండి. వెంటనే స్టీరింగ్ మలుపువైపుకు తిప్పండి. కారు ముక్కు లోపలికి తిరగడం కనిపించగానే యాక్సిలరేటర్ మళ్లీ గట్టిగా నొక్కండి. వెనక భాగం బయటికి జారుతుంది. ఇక్కడిదాకా మీకు వచ్చు.

ఇప్పుడు తప్పు జరిగే చోటు చూద్దాం. డ్రిఫ్ట్ పట్టాక చాలామంది స్టీరింగ్‌ను మలుపువైపుకే నొక్కిపెట్టి ఉంచుతారు. ఈ ఆటల్లో ఒకసారి జారుడు మొదలయ్యాక కారు చాలావరకు దారి వంపు వెంట తనే వెళ్తుంది. మీరు ఇంకా నొక్కుతుంటే కోణం అనవసరంగా పెరుగుతుంది. కోణం పెరిగినకొద్దీ వేగం పడిపోతుంది, కారును నిలబెట్టడానికి ఎదురు స్టీరింగ్ ఎక్కువ కావాలి. ఆ ఎదురు స్టీరింగ్ ఎక్కువసేపు పట్టుకుంటే, కారు నిటారు స్థితిని దాటేసి రెండోవైపు డ్రిఫ్ట్‌లోకి పడిపోతుంది. మీ ఎదుటి గోడ అక్కడే ఉంది.

అందుకని ఇలా చేయండి. డ్రిఫ్ట్ పట్టగానే స్టీరింగ్‌ను మధ్యకు తెచ్చేయండి. కోణం తగ్గుతోందనిపిస్తే మలుపువైపుకు చిన్నగా ఒక నొక్కు, ఎక్కువవుతోందనిపిస్తే ఎదురువైపుకు చిన్నగా ఒక నొక్కు, అంతకు మించి వద్దు. మలుపు చివర కనిపించగానే, అంటే మలుపు అయ్యాక కాదు, చివర *కనిపించగానే*, ఎదురువైపుకు రెండు మూడు పొట్టి నొక్కులు ఇచ్చి వదిలేయండి. కారు ముక్కు రోడ్డు మధ్యగీతకు సమానంగా వచ్చే ముందే మీ వేలు స్టీరింగ్ మీద నుంచి లేచిపోవాలి. ముక్కు నిటారయ్యాక వదిలితే ఆలస్యమైనట్టే.

కార్ల ఎంపిక కూడా చూసుకోండి. ఈ ఆటలో కార్లకు మైల్డ్, స్టాండర్డ్, డైనమిక్ అని మూడు డ్రిఫ్ట్ రకాలున్నాయి. డైనమిక్ కారు పెద్ద కోణంలోకి తేలిగ్గా వెళ్లిపోతుంది, చూడ్డానికి అందం, నిలబెట్టడానికి కష్టం. గోడలు తగ్గేదాకా మైల్డ్ లేదా స్టాండర్డ్ తీసుకోండి. నైట్రస్ (కాసేపు వేగం పెంచే బూస్ట్) సీసాలు డ్రిఫ్ట్‌తోనే నిండుతాయి. కానీ నైట్రస్ వాడుతున్నంతసేపూ నిండవు. కనుక మలుపు మధ్యలో నైట్రస్ కొట్టడం రెండు రకాలా నష్టం. మలుపు ముగిశాక, ముక్కు నిటారుగా ఉన్నప్పుడే కొట్టండి.

ప్రశ్న: బ్రేకుతో డ్రిఫ్ట్, గేరుతో డ్రిఫ్ట్... ఏది మంచిది? (గుంటూరు)

జవాబు: ఆటను బట్టి. సెగావారి డేటోనా యూఎస్ఏలో నాలుగు గేర్లుంటాయి, అక్కడ గేరుదే రాజ్యం. నాలుగో గేరులో వస్తూ మలుపు మొదట్లో మూడుకో రెండుకో దించి స్టీరింగ్ తిప్పితే వెనక చక్రాలు పట్టు వదులుతాయి. ముక్కు తిరగగానే గేర్లు వెంటవెంటనే పైకి ఎక్కించాలి. చాలామంది దించడం నేర్చుకుని ఎక్కించడం మరిచిపోతారు, అక్కడే వేగమంతా పోతుంది. త్రీ సెవెన్ స్పీడ్‌వే అనే మొదటి ట్రాకులో చివరి మలుపు తప్ప అన్నీ దాదాపు యాక్సిలరేటర్ వదలకుండానే వెళ్లిపోతాయి. ఎనిమిది ల్యాపులూ ఆ ఒక్క మలుపునే సాధన చేయండి. ఆటోమేటిక్ గేరు ఎంచుకుంటే ఈ విద్యే మీకు అందదు.

2003లో వచ్చిన ఔట్‌రన్ 2, దాని తర్వాతి ఔట్‌రన్ 2006 ఆటల్లో బ్రేక్ చాలు. యాక్సిలరేటర్ వదలకుండా, స్టీరింగ్ తిప్పుతూ బ్రేక్ ఒక్క తాపు నొక్కి వదిలితే కారు జారడం మొదలవుతుంది. తాపు అంటే తాపే. నొక్కిపెడితే వేగం పోతుంది, లాభం లేదు. ఒక మలుపు నుంచి ఎదురు మలుపులోకి వెళ్లేటప్పుడు మాత్రం మొదటి డ్రిఫ్ట్‌ను ముగించకుండా, స్టీరింగ్ రెండోవైపుకు ఊపితే కారు అలాగే రెండో డ్రిఫ్ట్‌లోకి మారిపోతుంది. ఔట్‌రన్ 2 రోడ్లన్నీ ఈ ఊపు కోసమే వేశారనిపిస్తుంది. ఆర్కేడ్ డ్రిఫ్ట్‌లలో దానికి సాటి ఇంతవరకూ రాలేదన్నది మా అభిప్రాయం, ఒప్పుకోనివాళ్లు ఉత్తరం రాయొచ్చు.

ప్రశ్న: ఇంజినీరింగ్ చివరి సంవత్సరం. గొడాట్ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్‌లో సొంతంగా ఒక పాతకాలపు రేసింగ్ ఆట చేస్తున్నాను. మూడు ఇబ్బందులు: కారు తడి నేల మీద సబ్బు ముక్కలా పోతోంది, డ్రిఫ్ట్ నుంచి బయటికి రాగానే వేగం చచ్చిపోతోంది, నా లాప్‌టాప్‌లో సరిగా ఉన్న కారు ఫ్రెండ్ కంప్యూటర్‌లో రోడ్డుకు అతుక్కుపోయినట్టు నడుస్తోంది. (కాకినాడ)

జవాబు: మూడింటికీ మూలం ఒకేచోట ఉంది, కాబట్టి మొదటినుంచి వద్దాం.

టైర్ల భౌతికశాస్త్రమంతా రాయకండి. ఆర్కేడ్ కారుకు అది అక్కర్లేదు, పెట్టినా ఆట పాడవుతుంది. లెక్క చూడండి: గంటకు 200 కి.మీ. అంటే సెకనుకు 55.6 మీటర్లు. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును ఆ వేగంతో తిరగాలంటే పక్కకు దాదాపు 62 మీ/సె² త్వరణం కావాలి, అంటే గురుత్వానికి ఆరు రెట్ల పైమాట. మామూలు రోడ్డు కారు టైర్లు ఇవ్వగలిగేది ఇంచుమించు ఒక రెట్టు. నిజాయితీగా లెక్క వేస్తే ఆ వేగానికి 315 మీటర్ల వ్యాసార్ధం కావాలి. అంత పెద్ద మలుపు ఆటలో మలుపులానే అనిపించదు. ఆర్కేడ్ డ్రిఫ్ట్ ఉన్నది, తిరగకూడని మలుపును తిరగడానికి ఆటగాడికి అనుమతి ఇవ్వడానికే.

కారు వేగాన్ని రెండు ముక్కలు చేయండి. కారు ముక్కు దిశలో ఉన్నది ముందువేగం, దానికి అడ్డంగా ఉన్నది పక్కవేగం. ప్రతి ఫ్రేములో (తెర మీద బొమ్మ మారే ప్రతిసారీ) పక్కవేగాన్ని కొంత తగ్గించండి. ఎంత గబగబా తగ్గిస్తారో అదే పట్టు. మామూలుగా నడిచేటప్పుడు పట్టు సెకనుకు 8 పెట్టండి, డ్రిఫ్ట్‌లో 2.5కి దించండి. కారు స్థిరంగా తిరుగుతున్నప్పుడు జారుడు కోణం ఎంత వస్తుందో కాగితం మీదే చెప్పొచ్చు: దాని టాంజెంట్, కారు తిరిగే వేగాన్ని పట్టుతో భాగించినంత. కారు సెకనుకు 1.2 రేడియన్లు (సుమారు 69 డిగ్రీలు) తిరుగుతుంటే, పట్టు 8 ఉన్నప్పుడు కోణం 8.5 డిగ్రీలు, 2.5 ఉన్నప్పుడు 25.6 డిగ్రీలు. మొదటిది కంటికి నిటారుగానే కనిపిస్తుంది, రెండోది చక్కటి డ్రిఫ్ట్. మీ కారు సబ్బులా పోతోందంటే మామూలు పట్టు కూడా 3 దగ్గరో ఇంకా కిందో ఉండి ఉంటుంది. రెండు విలువల మధ్య మూడు రెట్ల తేడా లేకపోతే, తాను డ్రిఫ్ట్‌లో ఉన్నానో లేదో ఆటగాడికి తెలియదు.

ఇక ఫ్రెండ్ కంప్యూటర్ సంగతి. మీరు బహుశా 'పక్కవేగం = పక్కవేగం × 0.95' అని ప్రతి ఫ్రేములో రాసి ఉంటారు. సెకనుకు 60 ఫ్రేములైతే ఒక సెకను తర్వాత మిగిలేది 4.6 శాతం. 120 ఫ్రేములైతే 0.2 శాతం. 30 అయితే 21 శాతం. ఫ్రెండ్‌కి తెర వేగం ఎక్కువ, కనుక కారు అతుక్కుంది. 0.95 బదులు గుణకాన్ని exp(−పట్టు × ఫ్రేము కాలం) అని తీసుకోండి. లేదా కారు లెక్కంతా స్థిరంగా సెకనుకు 60 సార్లు నడిచే ఫిజిక్స్ ఫంక్షన్‌లోకి మార్చేయండి. రెండూ చేస్తే ఇంకా మంచిది.

వేగం చచ్చిపోవడానికి కారణం కూడా ఆ తగ్గింపే. 40 డిగ్రీల కోణంలో 200 కి.మీ. వేగంతో జారుతున్న కారుకు ముందువేగం 153 మాత్రమే, మిగతాది పక్కవేగంలో ఉంది. డ్రిఫ్ట్ ముగిసి పట్టు ఒక్కసారిగా 8కి ఎగిరితే ఆ పక్కవేగం ఆవిరైపోతుంది. 47 కి.మీ. పోయాయి. అదే 20 డిగ్రీల కోణమైతే 188 మిగులుతుంది. అందుకే పక్కవేగాన్ని తగ్గించాక, తగ్గిన మేరకు మొత్తం వేగం ఎంత పడిపోయిందో చూసి, అందులో 80–90 శాతాన్ని ముందువేగానికి తిరిగి కలపండి. పూర్తిగా వంద శాతం కలపొద్దు. అప్పుడు ఎంత అడ్డంగా జారినా నష్టం ఉండదు, నీటుగా నడిపినవాడికి ప్రతిఫలమూ ఉండదు. పట్టును కూడా ఒక్క గెంతులో కాకుండా 0.3 సెకన్లలో మెల్లగా 2.5 నుంచి 8కి పెంచండి.

డ్రిఫ్ట్ మొదలవడానికి షరతులు పెట్టండి: వేగం గరిష్ఠంలో 40 శాతం దాటి ఉండాలి, స్టీరింగ్ (0 నుంచి 1 కొలతలో) 0.3 పైన ఉండాలి, బ్రేక్ 0.2 సెకన్ల లోపు నొక్కి వదలాలి. మొదలైన క్షణంలోనే ఎడమా కుడా అన్నది గుర్తుపెట్టుకుని ముగిసేదాకా మార్చకండి. డ్రిఫ్ట్‌లో స్టీరింగ్ పని కోణాన్ని 15 నుంచి 40 డిగ్రీల మధ్య పెంచడం, తగ్గించడం వరకే. ఆ హద్దు లేకపోతే విశాఖపట్నం పాఠకుడి గోడ మీ ఆటలోనూ లేస్తుంది.

కీబోర్డు వాళ్లకోసం స్టీరింగ్ విలువ 0 నుంచి 1కి వెళ్లడానికి 0.15 సెకను, వదిలాక వెనక్కి రావడానికి 0.1 సెకను ఇవ్వండి. ఎదురు కీ నొక్కితే మాత్రం వెంటనే సున్నాకు దూకాలి. ప్యాడ్ వాళ్లకు మధ్యలో 0.12 మేర డెడ్‌జోన్ (స్టిక్ కదిలినా పట్టించుకోని చోటు) వదిలి, మిగిలినదాన్ని మళ్లీ 0 నుంచి 1కి సాగదీయండి. సాగదీయడం మరిచిపోతే డెడ్‌జోన్ దాటగానే కారు ఉలిక్కిపడుతుంది.

చివరగా కెమెరా. దాన్ని కారు వెనక గట్టిగా బిగించేస్తే కారు ఎప్పుడూ నిటారుగానే కనిపిస్తుంది, రోడ్డే పక్కకు పోతుంది, ఆడేవాడికి డ్రిఫ్ట్ చేస్తున్నట్టే ఉండదు. కెమెరా ఎక్కువగా కారు *వెళ్తున్న* దిశను చూడాలి, ముక్కు దిశను కొద్దిగా, ఓ 30 శాతం మేర కలపండి. సబ్బు అనిపించడంలో సగం తప్పు ఇక్కడే ఉన్న ఆటలు చాలా చూస్తాం. ఇక రోడ్డు వెడల్పు. 4.5 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు ఉన్న కారు 25 డిగ్రీలు అడ్డం తిరిగితే దారిలో 3.5 మీటర్లు ఆక్రమిస్తుంది. మూడు కార్లు పక్కపక్కన జారాలంటే 12 మీటర్లకు తగ్గకుండా వేయండి.

ప్రశ్న: హాల్లో టీవీకి పెట్టి ఆడితే ప్రతి డ్రిఫ్టూ ఆలస్యంగా మొదలవుతోంది. అదే కంప్యూటర్ మానిటర్‌కి పెడితే బాగుంది. కంట్రోలర్ మార్చాలా? (తిరుపతి)

జవాబు: వద్దు, మానిటర్‌లో బాగుందంటే కంట్రోలర్ నిర్దోషి. దోషం టీవీది. టీవీలు బొమ్మను నునుపుచేయడానికి కొంత సమయం తీసుకుంటాయి. తెర మీదకు రావడానికి 100 మిల్లీసెకన్లు ఆలస్యమైతే, 200 కి.మీ. వేగంలో కారు ఐదున్నర మీటర్లు ముందుకు పోయి ఉంటుంది. మలుపు మొదట్లో అది చాలా ఎక్కువ. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఆన్ చేయండి. కదలికలను నునుపుచేసే ఆప్షన్ ఏ పేరుతో ఉన్నా ఆపేయండి. కొన్ని టీవీల్లో గేమ్ మోడ్ ఒక్కో హెచ్‌డీఎంఐ రంధ్రానికి విడిగా పెట్టాలి, మీరు తీగ వేరే రంధ్రంలోకి మారిస్తే మళ్లీ మొదటికొస్తుంది. సౌండ్‌బార్ మీదుగా తీగ పోతుంటే దాన్ని తప్పించి నేరుగా టీవీకి పెట్టి చూడండి. కంప్యూటర్ ఆటైతే వీసింక్ (బొమ్మను తెర వేగానికి జతచేసే సెట్టింగు) ఆపి ఒకసారి పోల్చండి. ఇవన్నీ అయ్యాక కూడా ఆలస్యం మిగిలితే, అప్పుడు ప్యాడ్‌ను తీగతో కలిపి చూడండి.

ప్రశ్న: మా ఏడేళ్ల బాబు మారియో కార్ట్ 8 డీలక్స్ ఆడతాడు. స్నేహితులకు గులాబీ రంగు నిప్పురవ్వలు వస్తాయట, వీడికి రావడం లేదని ఏడుపు. ఏం చేయాలండీ? (ఖమ్మం)

జవాబు: బండి వెనక చిన్న యాంటెన్నా కనిపిస్తోందా చూడండమ్మా. కనిపిస్తే స్మార్ట్ స్టీరింగ్ ఆన్‌లో ఉంది. అది పిల్లలు రోడ్డు దిగిపోకుండా కాపాడుతుంది, బదులుగా ఆ గులాబీ బూస్ట్‌నీ, కొన్ని అడ్డదారుల్నీ మూసేస్తుంది. బండి ఎంచుకునే తెర మీద ప్లస్ బటన్ నొక్కితే దాన్ని ఆపే ఆప్షన్ వస్తుంది. ఆపిన మొదటి రోజు బాబు చాలాసార్లు రోడ్డు దిగుతాడు, 50సీసీలో (అన్నిటికన్నా తక్కువ వేగం) ఆడించండి.

తిరుగుతూ ఆర్ బటన్ నొక్కి పట్టుకుంటే డ్రిఫ్ట్. ముందు నీలం, తర్వాత నారింజ, ఆఖర్న గులాబీ. వదిలినప్పుడు ఏ రంగుంటే ఆ బూస్ట్. స్టిక్‌ను మలుపు లోపలికి గట్టిగా పట్టుకుంటే రంగులు తొందరగా మారతాయి. చిన్న మలుపుల్లో నీలంతో వదిలేయడమే లాభం. గులాబీ కోసం పట్టుకుని కూర్చుంటే గోడ ముందొస్తుంది. 200సీసీ (అన్నిటికన్నా ఎక్కువ వేగం) ఆడే పెద్దవాళ్లకు ఇంకో మాట: డ్రిఫ్ట్‌లో ఉండగా బి బటన్ తాపులు నొక్కితే డ్రిఫ్ట్ తెగకుండానే వేగం తగ్గుతుంది, అది లేకుండా ఆ వేగంలో రోడ్డు మీద నిలవలేరు.

ప్రశ్న: సెగా ర్యాలీలో ఎడారి ట్రాకులో నేనే రాజు. కొండ ట్రాకులో మాత్రం అదే పద్ధతి పారడం లేదు. (కరీంనగర్)

జవాబు: 1995 నాటి సెగా ర్యాలీ ఛాంపియన్‌షిప్ ప్రత్యేకతే అది, నేల మారితే పట్టు మారుతుంది. మట్టి మీద కారు తనంతట తానే జారుతుంది, మీరు మలుపుకు చాలా ముందే ముక్కు తిప్పి జారుతూ చేరతారు. కొండ ట్రాకు తారు రోడ్డు. అక్కడ అంత ముందు తిప్పితే కారు జారకుండా లోపలి గోడలోకే పోతుంది. తారు మీద ఆలస్యంగా, బ్రేక్ వేసి, తక్కువ కోణంతో తిరగండి. మట్టి, తారు కలిసే చోట చక్రాలు నిటారుగా ఉంచండి. సగం జారుడులో తారు మీదకు వస్తే పట్టు ఒక్కసారిగా దొరికి కారు లాగేస్తుంది.

ప్రశ్న: వీటికోసం స్టీరింగ్ వీల్ కొనడం దండగా? (రాజమహేంద్రవరం)

జవాబు: వీటికోసమే అయితే దండగే. ఇప్పటికే ఉంటే, తిరుగుడును 900 డిగ్రీల నుంచి 270కో 180కో తగ్గించి వాడండి. పూర్తి తిరుగుడుతో ఎదురు స్టీరింగ్ వేసేలోపే డ్రిఫ్ట్ ముగిసిపోతుంది.

ప్రశ్న: పాత మెషిన్లు లేవు, మామూలు లాప్‌టాప్ ఉంది. పాతకాలపు రుచి ఉన్న కొత్త ఆటలేవైనా చెప్తారా? కీబోర్డుతో ఆడగలగాలి. (డాలస్, అమెరికా)

జవాబు: మీకు డ్రిఫ్ట్ కావాలో వద్దో ముందు తేల్చుకోండి. వద్దనుకుంటే 2018 నాటి హొరైజన్ చేజ్ టర్బో. బ్రెజిల్‌వాళ్లది, 1992 నాటి టాప్ గేర్ ఆట వారసత్వం. అందులో కారు జారదు, మలుపులో స్థానం, నైట్రో ఎప్పుడు కొట్టాలన్నదే ఆట. హనుమకొండ పాఠకుడికి చెప్పిన లోపలి అంచు సలహా దీనికీ పనికొస్తుంది, కీబోర్డుకు ఇబ్బంది లేదు. ఔట్‌రన్ లాంటి గీతల రోడ్డు మీదే డ్రిఫ్ట్ కావాలంటే స్లిప్‌స్ట్రీమ్ అని, ఒకే ఒక్క డెవలపర్ చేసిన ఆట ఉంది. పాత లాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. హాట్‌షాట్ రేసింగ్‌లో డ్రిఫ్ట్ చేస్తే బూస్ట్ నిండుతుంది, రిడ్జ్ రేసర్ అలవాటున్నవాళ్లకు చేయి తొందరగా కుదురుతుంది. ఆర్ట్ ఆఫ్ ర్యాలీ పైనుంచి చూసే ఆట, బొమ్మలు చూసి తేలిక అనుకోకండి. అందులో జారుడు నిజానికి చాలా దగ్గర, బ్రేక్ తాపుతో పని జరగదు.

ఇనర్షియల్ డ్రిఫ్ట్ మాత్రం కీబోర్డుతో వద్దు. అందులో ఎడమ స్టిక్ స్టీరింగ్, కుడి స్టిక్ డ్రిఫ్ట్ కోణం. కుడి స్టిక్‌ను ఎంత నొక్కితే అంత కోణం, మెల్లగా మధ్యకు తెస్తే మెల్లగా ముగింపు. కీకి నొక్కడం, వదలడం రెండే తెలుసు, ఆ మధ్యదే ఇక్కడ ఆటంతా. రెండు స్టిక్కులున్న ప్యాడ్ దొరికాకే కొనండి.